సముద్రం వదిలేసిన తెడ్డుచక్రాన్ని నదులు ఎందుకు వదల్లేదు?

ప్రశ్న: ఏటిగట్టు

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా పాడిల్ స్టీమర్ల, అంటే తెడ్డుచక్రాలతో నీటిని నెట్టుకుంటూ నడిచే ఆవిరి పడవల, చరిత్ర చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక సందేహం బలపడుతోందే తప్ప తీరడం లేదు. తెలిసినవారు ఉంటారన్న ఆశతో ఇక్కడ పెడుతున్నాను.

1845లో బ్రిటిష్ నౌకాదళం రెండు ఆవిరి నౌకలను వెనుక వైపుల నుంచి తాడుతో కట్టి, చెరో దిక్కుకు లాగించింది. వాటిలో ర్యాట్లర్ అనే నౌకకు ప్రొపెల్లర్ ఉంది, అలెక్టో అనే నౌకకు రెండు పక్కలా తెడ్డుచక్రాలు ఉన్నాయి. అలెక్టో చక్రాలు పూర్తి బలంతో ముందుకు తిరుగుతున్నా సరే, ర్యాట్లర్ దాన్ని 2.8 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 5 కిలోమీటర్ల చొప్పున, వెనక్కి ఈడ్చుకుపోయింది. ఆ పోటీ వట్టి ప్రదర్శనేనని, ఫలితం నౌకాదళానికి ముందే తెలుసునని అనేవారు ఉన్నారు. ఏమైనా సముద్రం మీద తెడ్డుచక్రానికి ఆ తరువాత ఎక్కువ కాలం మిగలలేదు. కునార్డ్ కంపెనీ అట్లాంటిక్ దాటడానికి కట్టించిన చివరి తెడ్డుచక్రాల నౌక స్కోషియా 1862లో బయలుదేరింది.

నదుల మీద మాత్రం కథ వేరుగా ఉంది. అమెరికాలో నేటికీ ఆవిరితో నడుస్తున్న బెల్ ఆఫ్ లూయివిల్ అనే తెడ్డుచక్రం పడవ 1914లో కట్టినది. డెల్టా క్వీన్ 1927 నాటిది. అంటే సముద్రం తీర్పు చెప్పేసిన అరవై ఏళ్ల తరువాత కూడా నదుల కోసం కొత్తగా తెడ్డుచక్రాల పడవలను కడుతూనే ఉన్నారు. ఇది అలవాటు కొద్దీ జరిగిందా, పెట్టుబడి లేక జరిగిందా, లేక నదిలో నిజంగానే చక్రానికి ఏదైనా మేలు ఉందా?

ఇంకో చిన్న సందేహం కూడా ఉంది. ఆవిరి పడవను కనిపెట్టింది 1807లో రాబర్ట్ ఫుల్టన్ అని నేను చదువుకున్నాను. ఇప్పుడు చదువుతున్నవాటిలో ఆయనకంటే ముందు పేర్లు చాలా కనిపిస్తున్నాయి. అసలు సంగతి ఏమిటో ఎవరైనా వివరించగలరా?


జవాబు: మరమేకు

ఏటిగట్టు గారూ, అలవాటు కొద్దీ జరిగింది కాదు. నది పడవలు కట్టినవాళ్లకు ప్రొపెల్లర్ సంగతి బాగా తెలుసు. తెలిసే వద్దనుకున్నారు. నేను యంత్రాల వైపు నుంచి చెబుతాను, చరిత్ర సంగతి పాతపటాలు గారి వంటివారికి వదిలేస్తాను.

ప్రొపెల్లర్ పని చేయాలంటే అది పూర్తిగా నీటిలో మునిగి ఉండాలి. మూడడుగుల నీటిలో తేలవలసిన పడవకు మూడడుగుల కన్నా చిన్న ప్రొపెల్లర్ మాత్రమే పడుతుంది, అంత చిన్నది పెద్ద పడవను ఎదురీతలో నెట్టాలంటే చాలా వేగంగా తిరగాలి. తెడ్డుచక్రానికి ఈ ఇబ్బంది లేదు. ఇరవై ముప్పై అడుగుల వ్యాసం ఉన్న చక్రమైనా అడుగు అంచు మాత్రమే నీటిలో మునుగుతుంది, మిగిలినదంతా గాలిలో ఉంటుంది. లోతు దొరకని చోట అది వెడల్పును వాడుకుంటుంది. వెనుక చక్రం ఉన్న పడవల్లో ఒక్కొక్క తెడ్డు పలక దాదాపు పడవ వెడల్పంత పొడవు ఉండేది. ఎక్కువ నీటిని మెల్లగా వెనక్కి నెట్టడం, తక్కువ నీటిని వేగంగా చిమ్మడం కన్నా ఎప్పుడూ లాభసాటి బేరమే. అమెరికాలోని మిసిసిపీ నది మీద పని చేసేవాళ్లు తమ పడవ గడ్డి మీద మంచు కురిసినా నడిచిపోతుందని హాస్యమాడేవారు. అతిశయోక్తే కానీ, ఆ హాస్యం వెనుక ఉన్న గర్వం అబద్ధం కాదు.

రెండో సంగతి ఆ కాలపు యంత్రం. పిస్టన్ ముందుకూ వెనక్కూ నిదానంగా కదిలేది, చక్రం నిమిషానికి పదిహేను ఇరవై చుట్లు తిరిగేది. రెండింటి వేగమూ సహజంగానే కలిసేది కాబట్టి మధ్యలో పళ్లచక్రాల అవసరమే లేదు. పొడవాటి చెక్క కడ్డీ ఒక కొస పిస్టన్‌కు, మరో కొస చక్రం ఇరుసు మీది వంకీకి తగిలిస్తే పని అయిపోయేది.

మీరు చెప్పిన సముద్రం సంగతికి అసలు జవాబు నా దృష్టిలో ఇక్కడ ఉంది. అట్లాంటిక్ నౌక బయలుదేరేటప్పుడు వందల టన్నుల బొగ్గుతో బరువుగా కూర్చుంటుంది, చక్రాలు అవసరానికి మించి మునుగుతాయి. బొగ్గు కాలిపోతున్నకొద్దీ నౌక పైకి తేలుతుంది, ప్రయాణం చివరికి వచ్చేసరికి పలకలు నీటి పైపొరను మాత్రమే తడుముతుంటాయి. దీనికి తోడు అలల్లో ఒరిగినప్పుడు ఒక పక్క చక్రం పూర్తిగా మునిగిపోతే, రెండో పక్క చక్రం గాలిలో వృథాగా తిరుగుతుంది. నదిలో పెద్ద అలలు లేవు. కట్టెల కోసం పడవ రోజుకు ఒకటి రెండు సార్లు గట్టుకు చేరుతూనే ఉంటుంది కాబట్టి ఇంధనం బరువు ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంటే సముద్రంలో చక్రాన్ని ఓడించిన లోపాలు నదిలో దాదాపు లేనే లేవు.

ఇక మరమ్మతు. మిసిసిపీ, మిస్సోరీ వంటి నదులు ఒడ్డును కోసుకుపోతుంటాయి, ఒడ్డుతో పాటు మహావృక్షాలు నీటిలో పడతాయి. వేళ్లు అడుగున బురదలో పాతుకుపోయి, మొద్దు ఏటివాలుకు వాలి నిలబడుతుంది. దిగువ నుంచి ఎదురొచ్చే పడవకు అది గురిపెట్టిన బల్లెమే. 1856 సెప్టెంబరులో ఆరేబియా అనే స్టీమరు మిస్సోరీ నదిలో అలాంటి వాల్‌నట్ మొద్దు గుచ్చుకుని నిమిషాల్లో మునిగిపోయింది. మనుషులందరూ బయటపడ్డారు, కట్టేసి ఉన్న ఒక కంచర గాడిద మాత్రం పోయింది. 1988లో ఆ స్టీమరును తవ్వి తీసినప్పుడు అది నదిలో లేదు. నది దారి మార్చుకుని అరమైలు అవతలికి వెళ్లిపోయింది, స్టీమరు మొక్కజొన్న చేను కింద 45 అడుగుల లోతున పడి ఉంది. సరుకు మాత్రం చెక్కుచెదరలేదు. బూట్లు, పింగాణీ పాత్రలు, సీసాల్లో ఊరగాయలు ఇప్పుడు కాన్సస్ సిటీ మ్యూజియంలో ఉన్నాయి.

మొద్దు తగిలితే ప్రొపెల్లర్ రెక్క వంగుతుంది. అడవి మధ్యలో దాన్ని ఎవరు సరిచేస్తారు, పడవను నీటి నుంచి ఎలా ఎత్తుతారు? తెడ్డుచక్రానికైతే ఒకటి రెండు పలకలు విరుగుతాయి, అంతే. పడవ వడ్రంగి చక్రాన్ని ఆపించి, దాని మీదికి ఎక్కి, విరిగిన పలకను ఊడదీసి, దగ్గర ఉన్న పలకను బోల్టులతో బిగించి దిగేవాడు. తెడ్డు పలకలు నీటిలోకి నిలువుగా దిగి నిలువుగా లేచేలా వాటిని తిప్పే కడ్డీల ఏర్పాటుకు 1829లోనే పేటెంట్ వచ్చింది, దానివల్ల బలం వృథా కావడం బాగా తగ్గుతుంది కూడా. అయినా అమెరికా లోతట్టు నదుల వాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇసుకలో అరిగిపోయే కీళ్లు ఎన్ని ఉంటే అన్ని తలనొప్పులని వాళ్ల లెక్క.

పక్క చక్రాలు, వెనుక చక్రం అన్న తేడా గురించి కూడా ఒక మాట. పక్క చక్రాలకు వేర్వేరు ఇంజన్లు పెడితే ఒకదాన్ని ముందుకూ మరొకదాన్ని వెనక్కూ తిప్పి పడవను ఉన్నచోటే గిరుక్కున తిప్పవచ్చు. రేవుల్లో అది పెద్ద వరం. వెనుక చక్రమైతే పడవ చాటున ఉంటుంది, మొద్దులు ముందుగా దానికి తగలవు. పైగా బరువైన చక్రం ఒక కొసన వేలాడుతుంది కాబట్టి పొడవాటి పలచని చెక్క పడవ రెండు కొసలా కిందికి వంగి, నడుము దగ్గర పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి ఈ కొస నుంచి ఆ కొస వరకు, మధ్యలో నిలిపిన గుంజల మీదుగా ఇనుప కడ్డీలు లాగి కట్టేవారు. మధ్యలో మర బిగిస్తే పడవ సరైన ఆకారానికి వచ్చేది, కొద్దిగా వదులు చేస్తే మళ్లీ వంగేది. పడవను వీణలా శ్రుతి చేసుకుంటూ నడిపేవారని అనడం పెద్ద తప్పు కాదు.


జవాబు: పాతపటాలు

మరమేకు గారు నా పేరు లాగారు కాబట్టి రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

ఫుల్టన్ కనిపెట్టలేదు. డబ్బు వచ్చేలా నడిపి చూపించాడు. ఈ రెండింటికీ తేడా ఉంది, ఆ తేడాను తక్కువ చేయకూడదు.

1783 జులైలో ఫ్రాన్స్‌లో జూఫ్రువా దాబాన్ అనే ప్రభువు లియాన్ దగ్గర సోన్ నదిలో పీరోస్కాఫ్ అనే తెడ్డుచక్రాల పడవను పావుగంట సేపు ఎదురు నీటిలో నడిపాడు. గుర్తింపు కోసం పారిస్ పండితులను ఆశ్రయిస్తే వారు కదలలేదు, డబ్బూ దొరకలేదు. 1790లో జాన్ ఫిచ్ డెలావేర్ నది మీద ప్రయాణికులను ఎక్కించుకుని ఒక ఆవిరి పడవను నడిపాడు, కానీ ఎక్కేవారు చాలక నష్టపోయాడు. 1803లో విలియం సైమింగ్టన్ స్కాట్లాండ్‌లోని ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువలో చార్లట్ డండాస్ అనే పడవ చేత చెరో 70 టన్నుల రెండు బార్జీలను (ఇంజన్ లేని సరుకు పడవలను) గ్లాస్గో దాకా, అంటే దాదాపు 30 కిలోమీటర్లు, ఎదురుగాలిలో లాగించాడు. యంత్రం పరంగా లోపమేమీ లేదు. దాని అలలకు కాలువ గట్లు కోసుకుపోతాయని కాలువ యజమానులు భయపడ్డారు, పడవను మూలన పెట్టారు.

1807 ఆగస్టులో ఫుల్టన్ హడ్సన్ నది మీద న్యూయార్క్ నుంచి ఆల్బనీకి 150 మైళ్లు 32 గంటల్లో వెళ్లాడు. తెరచాప పడవలకు అదే దారి నాలుగు రోజుల వరకు పట్టేది. ఆయన వాడిన ఇంజన్ ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న బౌల్టన్, వాట్ కంపెనీది. ఆయన గొప్పతనం కొత్త యంత్రంలో లేదు. సరైన నదిని, సరైన రెండు పట్టణాలను, పలుకుబడి గల సరైన భాగస్వామిని ఎంచుకోవడంలో ఉంది. ఆ భాగస్వామి రాబర్ట్ లివింగ్‌స్టన్ న్యూయార్క్ శాసనసభ నుంచి రాష్ట్ర జలాల మీద ఆవిరి పడవల గుత్తహక్కు సంపాదించి పెట్టాడు.

ఆ గుత్తహక్కు ఎలా కూలిందన్నది నాకు యంత్రం కన్నా ఆసక్తి కలిగించే విషయం. థామస్ గిబ్బన్స్ అనే పడవల యజమాని దాన్ని ధిక్కరించి న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు స్టీమరు నడిపాడు. ఆ పడవకు సరంగు ఎవరనుకున్నారు? తరువాతి కాలంలో రైల్వే కుబేరుడైన కార్నీలియస్ వాండర్‌బిల్ట్. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కేంద్రానిదని, రాష్ట్రం ఇచ్చిన గుత్తహక్కు చెల్లదని 1824లో తీర్పు వచ్చింది. అమెరికా రాజ్యాంగ చరిత్రలో నేటికీ ఉదాహరించే ఆ తీర్పు ఒక తెడ్డుచక్రం పడవ తగాదాలో పుట్టింది.

హడ్సన్ లోతైన, నెమ్మదైన నది. అసలు పరీక్ష మిసిసిపీ మీద జరిగింది. 1811 అక్టోబరులో న్యూ ఓర్లియన్స్ అనే స్టీమరు పిట్స్‌బర్గ్‌లో బయలుదేరింది. నడిపించిన నికొలస్ రూజ్‌వెల్ట్ వెంట నిండు గర్భిణి అయిన భార్య లిడియా ఉంది, దారిలోనే ఆమె ప్రసవించింది. ఆ ఏడాది ఆకాశంలో పెద్ద తోకచుక్క, డిసెంబరులో న్యూ మాడ్రిడ్ భూకంపాలు. ఒడ్డులు విరిగి పడుతుంటే, గుర్తుపెట్టుకున్న లంకలు కనబడకుండా పోతుంటే ఆ పడవ 1812 జనవరిలో న్యూ ఓర్లియన్స్ నగరం చేరింది. అయితే అది ఏటివాలు ప్రయాణం. ఎదురు నీటిలో మళ్లీ పైదాకా రాగల బలం దానికి లేదు.

ఆ బలం హెన్రీ ష్రీవ్ వంటివారు వాడిన అధిక పీడన ఇంజన్లతో వచ్చింది. 1816లో ఆయన కట్టిన వాషింగ్టన్, మరుసటి ఏడాది న్యూ ఓర్లియన్స్ నుంచి లూయివిల్‌కు 25 రోజుల్లో ఎదురెక్కింది. మనుషులు గడలు వేసి, తాళ్లు కట్టి లాగే పడవలకు అదే దారి మూడు నాలుగు నెలలు పట్టేది. 1853లో ఎక్లిప్స్ అనే స్టీమరు అదే దూరాన్ని నాలుగున్నర రోజులలోపే ముగించింది. ఒక మనిషి జీవితకాలంలో మూడు నెలలు నాలుగు రోజులైపోయాయి. మరమేకు గారు చెప్పిన మొద్దులను పెకలించడానికి జంట పడవను కట్టి 1829లో దించినది కూడా ఈ ష్రీవే. రెడ్ రివర్‌ను మైళ్ల పొడవునా మూసేసిన దుంగల మేటను తొలగించినందుకు అక్కడి ఊరికి ష్రీవ్‌పోర్ట్ అని పేరు పెట్టారు.


ఏటిగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంధనం బరువు గురించి చెప్పిన మాట నేను ఎక్కడా చదవలేదు, ఒక్కసారిగా చాలా విషయాలు స్పష్టమయ్యాయి. అధిక పీడన ఇంజన్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: బాయిలర్లు అంత తరచుగా పేలడానికి కారణం పందేలేనా? పందెంలో గెలవడానికి, ఆవిరి ఒత్తిడి మించితే తెరుచుకునే భద్రతా కవాటం మీద బరువులు పెట్టేవారన్న కథలు చాలా చోట్ల కనిపిస్తున్నాయి.


జవాబు: నీలిసిరా

పందేల కథలు చదవడానికి రంజుగా ఉంటాయి కాబట్టి వాటికి రావలసిన దానికన్నా ఎక్కువ పేరు వచ్చింది. 1870లో న్యూ ఓర్లియన్స్ నుంచి సెయింట్ లూయిస్ దాకా నాచెజ్ మీద గెలిచిన రాబర్ట్ ఈ లీ ఆ దూరాన్ని 3 రోజుల 18 గంటల 14 నిమిషాల్లో చేరింది. ఏ బాయిలరూ పేలలేదు. పేలినవాటిలో చాలా వరకు మామూలు రోజుల్లో, తరచుగా రేవు నుంచి కదులుతున్నప్పుడు పేలినవే.

కారణాలు అంత నాటకీయమైనవి కావు. మిసిసిపీ నీటిని నేరుగా బాయిలరులోకి తోడేవారు. ఆ నీటిలోని ఒండ్రు అడుగున పేరుకుని గట్టిపడితే, దాని కింద ఇనుముకు నీటి చల్లదనం తగలక ఎర్రగా కాలి మెత్తబడుతుంది. పక్కపక్కనే పెట్టిన బాయిలర్ల నీరు గొట్టాలతో కలిసి ఉండేది. జనమంతా ఒక పక్కకు చేరి పడవ ఒరిగితే ఎత్తుగా ఉన్న బాయిలరులోని నీరు పల్లపు వైపు దానిలోకి జారిపోతుంది, ఎండిన రేకు కాలిపోతుంది. పడవ మళ్లీ నిటారుగా అయినప్పుడు నీరు వెనక్కి వచ్చి ఆ రేకుకు తగులుతుంది. తర్వాత ఏమవుతుందో వేడి పెనం మీద నీళ్లు చిలికినవారికి చెప్పనక్కరలేదు. ఇక పడవల ఆయుష్షే అయిదారేళ్లు. అంత కొద్దికాలం బతికే పడవకు మంచి ఇనుము ఎందుకని యజమానులు అనుకునేవారు.

1838 ఏప్రిల్‌లో సిన్సినాటి రేవు దగ్గర మోసెల్ అనే కొత్త స్టీమరు పేలి నూరుమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది అమెరికా కాంగ్రెసు తనిఖీల చట్టం చేసింది, కానీ అందులో పస లేదు. 1852 చట్టంతో ఇంజనీర్లకూ పైలట్లకూ లైసెన్సు, బాయిలర్లకు నీటి ఒత్తిడి పరీక్ష, జీతం మీద పని చేసే ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ప్రైవేటు వ్యాపారాన్ని ప్రజల ప్రాణాల కోసం కేంద్ర ప్రభుత్వం తనిఖీ చేయడమన్నది అమెరికాలో ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు. మార్క్ ట్వైన్‌గా ప్రసిద్ధుడైన సామ్యూల్ క్లెమెన్స్ 1859లో తీసుకున్న పైలట్ లైసెన్సు ఆ ఏర్పాటులో భాగమే. ఆ కలం పేరు కూడా పడవ భాషే. లోతు కొలిచే మనిషి తాడు వదిలి, రెండు బారల లోతుంది, అంటే పన్నెండడుగులుంది, భయం లేదు అని పైకి వేసే కేక అది.

చట్టం ఉన్నా ఏమి జరగగలదో చెప్పడానికి సుల్తానా ఒక్కటి చాలు. 376 మందికి అనుమతి ఉన్న ఆ పక్క చక్రాల స్టీమరు 1865 ఏప్రిల్‌లో రెండు వేల మందికి పైగా ఎక్కించుకుంది. వారిలో అత్యధికులు అంతర్యుద్ధంలో దక్షిణాది జైళ్ల నుంచి విడుదలై ఇళ్లకు వెళుతున్న ఉత్తరాది సైనికులు. ఒక్కొక్క సైనికుడికి ప్రభుత్వం ఇంత అని చెల్లించేది కాబట్టి ఎంతమందిని కుక్కితే యజమానికి అంత లాభం. విక్స్‌బర్గ్‌లో ఒక బాయిలరు కారుతున్నట్టు కనబడింది. మొత్తం రేకు మార్చాలంటే రోజులు పడుతుంది, ఈలోగా సైనికులను వేరే పడవ ఎగరేసుకుపోతుంది. అతుకు వేయించి బయలుదేరారు. ఏప్రిల్ 27 తెల్లవారుజామున రెండు గంటల వేళ, వరద పోటులో ఉన్న నదిలో మెంఫిస్ దాటాక నాలుగు బాయిలర్లలో మూడు పేలాయి. పదకొండు వందల మందికి పైగా చనిపోయారు, ఇంకా ఎక్కువని చెప్పే లెక్కలూ ఉన్నాయి. అధ్యక్షుడు లింకన్ హత్య జరిగి రెండు వారాలు కాలేదు, హంతకుడు బూత్ ముందురోజే చనిపోయాడు. పత్రికల మొదటి పేజీల్లో సుల్తానాకు చోటు దొరకలేదు.


జవాబు: లంకలదారి

చర్చ అంతా మిసిసిపీ చుట్టూ తిరుగుతోంది. మిసిసిపీకి మంచి రచయితలు దొరికారు, అందుకని మిగిలిన నదులు వెనకబడ్డాయి. వాటిని చూస్తే మరమేకు గారి వాదనకు బలమూ దొరుకుతుంది, ఒక సవరణా అవసరమవుతుంది.

కలకత్తాలో 1823లో నీటికి దించిన డయానా అనే చిన్న తెడ్డుచక్రాల పడవ మరుసటి ఏడాదే మొదటి బర్మా యుద్ధంలో ఐరావతి నది మీదికి వెళ్లింది. గాలి లేకపోయినా ఎదురు నీటిలో తెరచాప నౌకలను లాగగలిగింది. ఇలాంటి ఉదాహరణలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు: నదుల మీద ఆవిరి పడవ వాణిజ్యం కన్నా ముందు తరచుగా ఫిరంగిని మోసింది. లోతట్టు రాజ్యాలకు సముద్ర నౌకల నుంచి ఉన్న రక్షణ అంతా నది లోతు తక్కువ కావడమే. తెడ్డుచక్రం ఆ రక్షణను తీసేసింది.

1834 నుంచి కలకత్తా, అలహాబాద్‌ల మధ్య ప్రభుత్వ స్టీమర్లు క్రమంగా నడిచాయి. ఇనుప పడవలను ఇంగ్లండ్‌లో భాగాలుగా చేసి, ఓడల మీద తెచ్చి, కలకత్తాలో బిగించారు. ప్రయాణికులు స్టీమరులో కాక, అది వెనుక లాగే ఫ్లాట్ అనే ఇంజన్ లేని పడవలో కూర్చునేవారు. నీలిసిరా గారి జవాబు చదివాక ఆ ఏర్పాటులోని వివేకం వేరే చెప్పనక్కరలేదు. బరువు రెండు పడవల మీద పంచడం వల్ల రెండూ లోతు తక్కువ నీటిలో తేలగలగడం అసలు కారణం.

ఐరావతి మీద 1865లో మొదలైన ఫ్లోటిల్లా కంపెనీ ఒక దశలో ఆరు వందలకు పైగా పడవలు, బార్జీలు నడిపింది. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ కంపెనీ కట్టిన దాని పెద్ద స్టీమర్లు మూడు వందల అడుగులు దాటినవి. రంగూన్ నుంచి ప్రోమ్‌కు 1877లో, మాండలేకు 1889లో రైలు వచ్చింది. స్టీమర్లు తగ్గలేదు, పెరిగాయి. చివరకు వాటిని ముంచింది రైలు కాదు. 1942లో జపాన్ సేనలు వస్తుంటే శత్రువు చేతికి చిక్కకుండా కంపెనీ మనుషులే నదిలో ముంచేశారు. తూర్పు బెంగాల్‌లో కూడా గోవాలుందో రేవు దాకా రైలు రావడం స్టీమరుకు మేలే చేసింది. రైలు దిగినవాడు అక్కడ పడవ ఎక్కేవాడు, ఎందుకంటే ఆ పాయల దేశంలో వంతెనల మీదుగా అన్ని చోట్లకూ రైలు వేయడం అసాధ్యం. 1920లలో అక్కడికి వచ్చిన ఆస్ట్రిచ్, మాసూద్ వంటి తెడ్డుచక్రాల స్టీమర్లు బంగ్లాదేశ్ కాలంలో డీజిల్‌కు మారి, ఈ శతాబ్దంలో కూడా ఢాకా నుంచి ప్రయాణికులను మోశాయి.

ఆస్ట్రేలియాలోని ముర్రే నది మరో రకం. 1853లో విలియం రాండెల్, ఫ్రాన్సిస్ కాడెల్ ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా స్టీమర్లతో పైకి బయలుదేరారు. రాండెల్ పడవ మేరీ ఆన్ బాయిలరు చదరంగా ఉండేది. ఆవిరి ఎక్కినకొద్దీ దాని పక్కలు ఉబ్బుతుంటే గొలుసులు చుట్టి బిగించి నడిపాడు. చదరపు బాయిలరు చూస్తే మరమేకు గారికి నిద్ర పట్టదని తెలుసు, క్షమించాలి. ఎచూకా రేవును నది ఎండా వానా కాలాల్లో ఎక్కి దిగే ఎత్తుకు తగినట్టు రెడ్ గమ్ కలపతో అంతస్తులుగా కట్టారు. 1866లో కట్టిన అడిలేడ్ అనే చెక్క స్టీమరు అక్కడ ఇంకా ఉంది. ఈ నదిలో పడవకు మొద్దు కన్నా పెద్ద శత్రువు కరవు. నీరు తగ్గితే ఉన్నిబేళ్లతో సహా పడవ నెలల తరబడి ఇసుకలో కూర్చునేది. నీటిని నిలిపే మొదటి లాకు బ్లాంచ్‌టౌన్‌లో 1922లో పూర్తయింది. అప్పటికి ఉన్ని రైలెక్కేసింది.

అందుకే నా సవరణ ఏమిటంటే, నది లోతు ఒక్కటే చాలదు. ఎంత లోతు ఉన్నా, దాని పక్కన ఏముంది అన్నదే స్టీమరు ఎన్నాళ్లు బతకాలో నిర్ణయించింది.


జవాబు: మరమేకు

సవరణ ఒప్పుకుంటున్నాను. చదరపు బాయిలరు విషయంలో క్షమించడం మాత్రం కష్టం.

నేను చెప్పింది చక్రం ఎందుకు నిలిచిందన్న దాని గురించి, మీరు చెప్పింది పడవ ఎందుకు నిలిచిందన్న దాని గురించి. ఈ రెండూ ఒకే రోజు చావలేదు. అమెరికాలో ప్రయాణికులు రైలుకు మారిన తరువాత కూడా బొగ్గు బార్జీలను నెట్టే పనికి వెనుక చక్రమే ఉంది. 1901లో కట్టిన స్ప్రేగ్ 1907లో 60 బొగ్గు బార్జీలను కలిపి కట్టి ఒక్కసారిగా నెట్టింది, బరువు 67,000 టన్నుల పైచిలుకు. ఒకే తెడ్డుచక్రం చేసిన పని అది. 1948 దాకా సేవలో ఉంది. చక్రాన్ని పోగొట్టినవి వేరే మూడు: పడవ అడుగున సొరంగంలా వంపు తీసి, అందులోకి నీటిని పైకి లాగి ప్రొపెల్లర్ మునిగేలా చేసే పద్ధతి, వేగంగా తిరిగే డీజిల్ ఇంజన్, లాకులూ ఆనకట్టలతో ఏడాది పొడవునా తొమ్మిదడుగులు తగ్గకుండా నిలిపిన నీటి దారి. మూడోది రాగానే నేను మొదట చెప్పిన లోతు వాదన దానంతట అదే ముగిసిపోయింది. నదిని మార్చేశారు, కాబట్టి పడవా మారింది.


జవాబు: చుక్కాని

ఆలస్యంగా చూశాను. ఏటిగట్టు గారు 1845 పోటీతో మొదలుపెట్టారు కాబట్టి ఒక్క విషయం చేరుస్తాను.

జర్మనీలో డ్రెస్డెన్ నగరం నుంచి ఎల్బే నది మీద ఇప్పటికీ తెడ్డుచక్రాల స్టీమర్ల దండు ఒకటి నడుస్తోంది, మొత్తం తొమ్మిది. వాటిలో డీస్‌బార్ 1884లో కట్టిన పడవ, ఇప్పటికీ బొగ్గుతోనే నడుస్తుంది. నేను దాని మీద ప్రయాణించాను. ఇంజన్ గది మీద కప్పు ఉండదు, కటకటాల దగ్గర నిలబడి కిందికి చూడవచ్చు. మామూలు ఇంజన్లలో సిలిండరు కదలకుండా ఉండి పిస్టన్ కడ్డీ ఆడుతుంది కదా, ఇక్కడ సిలిండర్లే ఊయలలా ఊగుతాయి. రేవు దగ్గరపడగానే పైనుంచి ఆజ్ఞ వచ్చింది. నూనె మరకల బట్టలతో ఉన్న మనిషి మీటను రెండు చేతులా అవతలికి తోశాడు, ఊగుతున్న సిలిండర్లు ఒక్క క్షణం నిలిచి ఎదురు దిశలో ఊగడం మొదలుపెట్టాయి. పెద్ద చప్పుడేమీ లేదు. ఆవిరి వాసన, వేడి నూనె వాసన, పక్క గదిలో పలకలు నీటిని కొడుతున్న తపతప మాత్రమే.

ఆ ఇంజన్ పడవ కన్నా పాతది. అంతకుముందు వేరే పడవలో పని చేసి, ఆ పడవ పాతబడ్డాక దీనిలోకి వచ్చింది. నది పడవల్లో అది మామూలే, చెక్కా రేకూ పోయినా యంత్రం మరో ఒంట్లోకి మారేది. గ్రీనిచ్‌లో జాన్ పెన్ కంపెనీ దాన్ని తయారు చేసిన సంవత్సరం 1841. ర్యాట్లర్ అలెక్టోను వెనక్కి ఈడ్చడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లు ఉంది.